కాపీని యంత్రం పట్టగలదా?

పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగిచూసేవాణ్ణి పట్టుకోవటానికి మేష్టారికి రెండు కళ్ళు చాలు. కాని ఇంటిదగ్గర రాసుకొచ్చిన వ్యాసం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే లోకంలోని పుస్తకాలన్నీ చదివి ఉండాలి. అది ఏ మేష్టారి తరమూ కాదు. అందుకని ఆ పనికి యంత్రాలను పెట్టారు. అమెరికాలో పుట్టిన ‘టర్నిటిన్’ వాటిలో ఒకటి.

ఇలాటి యంత్రం వ్యాసాన్ని మనలాగా చదవదు, ముక్కలు చేస్తుంది. “చెట్టు వేరు నేల నుంచి నీరు తాగుతుంది” అనే వాక్యం తీసుకోండి. ఇందులో ఆరు మాటలున్నాయి. మూడేసి మాటల చొప్పున వరసగా తీస్తే “చెట్టు వేరు నేల”, “వేరు నేల నుంచి”, “నేల నుంచి నీరు”, “నుంచి నీరు తాగుతుంది” అని నాలుగు ముక్కలు వస్తాయి. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క అంకె వేస్తారు. ఈ అంకెలు వ్యాసానికి వేలిముద్రల వంటివి. యంత్రం వీటిని తన దగ్గర దాచిన పుస్తకాల వేలిముద్రలతో పోల్చి, నూటికి ఇన్ని పాళ్ళు కలిశాయని చెబుతుంది.

కలిసినంతమాత్రాన అది దొంగతనం కాదు. పరిశోధన వ్యాసాలకు మన దేశంలో యు.జి.సి. 2018లో చేసిన నిబంధనలు, నూటికి 10 పాళ్ళ దాకా పోలిక ఉంటే శిక్ష లేదన్నాయి.

ఇక గడుసువాడొకడు ఆ వాక్యాన్నే “భూమిలోని తేమను మొక్క తన వేళ్ళతో పీల్చుకుంటుంది” అని మార్చాడనుకోండి. యంత్రానికి ఒక్క ముక్క కూడా దొరకదు. అందుచేత మాటలను కాక, అర్థాన్ని పోల్చే యంత్రాలు వచ్చాయి. వీటితోనూ ఒక చిక్కుంది. ఒకే పాఠం చదివిన నలభైమందీ వేరు నీరు పీలుస్తుందనే రాస్తారు గదా! వాళ్ళందరూ దొంగలా?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక చిక్కు మరింత ముదిరింది. అది అప్పటికప్పుడు కొత్త వాక్యాలు అల్లుతుంది. పోల్చి చూద్దామంటే అసలు ప్రతి ఎక్కడా లేదు. కనక మరొక రకం యంత్రాలు చేశారు. ఇవి తరువాతి మాటను ఊహిస్తూ పోతాయి. “తెల్లవారగానే కోడి” అని వినగానే, “కూసింది” అని మీరు ఊహిస్తారు. వ్యాసంలో మాటలన్నీ ఇలా ఊహించినట్టే వస్తే, ఇది మనిషి రాసినది కాదేమోనని యంత్రం అనుమానిస్తుంది.

అయితే, తేలికమాటలతో రాసే పిల్లల వ్యాసం కూడా అలాగే ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాష కానివారు స్వయంగా రాసిన 91 వ్యాసాలను అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2023లో 7 యంత్రాలతో పరీక్షించారు. సగటున నూటికి 61 వ్యాసాలు యంత్రం రాసినవేనని అవి చెప్పాయి! 18 వ్యాసాల విషయంలో ఏడు యంత్రాలూ ఏకమై తప్పు చెప్పాయి. అమెరికా పిల్లల వ్యాసాలలో మాత్రం ఇంత పొరపాటు జరగలేదు. తెలుగింట పుట్టి ఇంగ్లీషులో రాసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాటి యంత్రాన్ని విడుదల చేసింది. వారి పరీక్షలో అది యంత్రం రాసినవాటిలో నూటికి 26 మాత్రమే పట్టింది. మనుషులు రాసినవాటిలో నూటికి 9 మీద నింద వేసింది. ఆ జులైలోనే దాన్ని మానేశారు.

కనక యంత్రం చూపిన అంకెను పట్టుకుని పిల్లవాణ్ణి దొంగ అనటం తగదు. ఎదురుగా కూర్చోబెట్టి, “ఈ మాట ఎందుకు రాశావు?” అని అడగాలి. స్వయంగా రాసినవాడు జవాబు చెప్పగలడు.

పిల్లలూ, చిత్తుప్రతులు పారెయ్యకండి. వాటిలోని కొట్టివేతలూ, దిద్దుబాట్లూ మీకు సాక్ష్యం చెబుతాయి. పుస్తకం చదివి, మూసి, ఆ తరువాత మీ సొంత మాటలతో రాయండి. అప్పుడు కూడా, ఆ సంగతి ఏ పుస్తకంలో దొరికిందో కింద రాయండి. మాటలు మార్చి యంత్రం కన్ను గప్పినా, పరుల ఆలోచన మనది కాదు. కృత్రిమ మేధ సాయం తీసుకుంటే ఆ మాట మేష్టారితో ముందే చెప్పండి. తల్లిదండ్రులు కూడా మార్కుల మీద ఆశతో బిడ్డ పనిని యంత్రంచేత చేయించకూడదు. వ్యాసం రాయమనేది బిడ్డ ఆలోచించటం నేర్చుకోవాలనే గదా!