చేతులు కడుక్కోవడమూ వైద్యమే

రోగం నయం చేయించుకుందామని ఆస్పత్రికి పోతాం. అక్కడే కొత్త రోగం అంటుకుంటే ఎవర్ని అడగాలి? ప్రశ్న వింతగా తోచవచ్చు గాని, ఈ సమస్య చాలా పాతది. బి.ఎస్సీ.లో మైక్రోబయాలజీ చదువుతున్న వాణ్ణి గనుక నాకు తెలిసినంతలో వివరిస్తాను.

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు కాన్పు విభాగాలుండేవి. ఒకదానిలో డాక్టర్లూ, వైద్య విద్యార్థులూ పురుళ్లు పోసేవారు, రెండోదానిలో మంత్రసానులు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మంది బాలింతలు చనిపోతే, రెండోదానిలో 3 కూడా లేదు. చదువుకున్నవాళ్ల చేతుల్లోనే చావులెక్కువ! సెమ్మెల్వైస్ అనే డాక్టరు కారణం వెతికాడు. 1847లో అతని మిత్రుడొకడు శవపరీక్షలో కత్తి గుచ్చుకుని, బాలింతల జ్వరం లక్షణాలతోనే మరణించాడు. శవాల గది నుంచి తిన్నగా కాన్పుల గదికి వచ్చే చేతులే విషం మోస్తున్నాయని అతనికి తట్టింది. క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లతో చేతులు కడగాలని మే నెలలో నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూన్‌లో 2కు దిగాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు. తప్పు తమ చేతుల్లోనే ఉందంటే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే గదా!

చర్మం మన ఒంటికి కంచె. సెలైన్ సూది, మూత్రపు గొట్టం, ఆపరేషన్ కోత, ఇవన్నీ ఆ కంచెలో మనమే పెట్టిన కంతలు. మంచం పట్టె మీదా, స్టెతస్కోపు మీదా ఉన్న సూక్ష్మజీవులు చేతుల మీదుగా ఆ కంతల్లోకి దూరుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతులు శుభ్రం చేసుకోవాల్సిన వేళలు 5 చెప్పింది: రోగిని తాకే ముందు, సూది గొట్టం వంటి పని చేసే ముందు, రక్తం చీము అంటే అవకాశం ఉన్న పని తర్వాత, రోగిని తాకాక, అతని మంచాన్నీ సామాన్నీ తాకాక. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రవంతో అయితే 20 నుంచి 30 సెకన్లు చాలు. అయితే కొన్ని బాక్టీరియాలు గట్టి పెంకున్న బీజాలుగా మారతాయి. వాటిని ఆల్కహాల్ చంపలేదు. సబ్బూ నీళ్లతో కడిగి వదిలించుకోవాల్సిందే.

మా నాయనమ్మకు తుంటి ఎముక విరిగితే ఒక ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. డాక్టరుగారి పని దివ్యంగా ఉంది. కానీ కుట్లకు చీము పట్టి, వారంలో రావలసిన మనిషి నెలన్నర ఉండిపోయింది. పాడిగేదెను అమ్ముకున్నాం. ఆ వార్డులో కుళాయి ఉంది, నీళ్లు లేవు. రాత్రి పూట నలభై మందికి ఒక్క సిస్టరు. ఆవిడ ఒక్కో మంచానికీ చేతులు కడగాలంటే ఎక్కడ కడగాలి, ఎప్పుడు కడగాలి? లోపం మనిషిది కాదు, ఏర్పాటుది.

చీముకు మందులు వాడతాం సరే. పత్తి రైతులకు ఈ కథ తెలుసు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని మందులు కొట్టినా కాయతొలుచు పురుగు చావలేదు. మందుకు తట్టుకున్న పురుగు మిగిలి, దాని సంతానమే పెరిగింది. యాంటిబయాటిక్‌లతోనూ అంతే. పైగా మన ఆస్పత్రులు ఒకదానికొకటి కాలువల్లా కలిసి ఉన్నాయి. పి.హెచ్.సి. నుంచి ఏరియా ఆస్పత్రికీ, అక్కణ్ణించి జిల్లాకీ, బోధనాసుపత్రికీ రోగిని పంపుతారు. మొండి క్రిమీ అదే దారిన పోతుంది. ఒక్కచోట గట్టు తెగితే కింద పొలాలన్నీ మునుగుతాయి.

ప్రయత్నాలు లేకపోలేదు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన కాయకల్ప పథకం శుభ్రతకూ ఇన్‌ఫెక్షన్ల నివారణకూ మార్కులు వేసి ప్రభుత్వాసుపత్రులకు బహుమతులిస్తుంది. 2016 నియమాల ప్రకారం రక్తం అంటిన దూది పసుపు సంచిలో, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వెయ్యాలి.

మనం చెయ్యగలిగిందీ ఉంది. చూడబోయినప్పుడు పదిమందిమి గుంపుగా పోవద్దు, రోగి మంచం మీద కూర్చోవద్దు. కట్టు విప్పబోతుంటే "చేతులు కడిగారాండీ?" అని మర్యాదగా అడుగుదాం. కుళాయిలో నీళ్లు రాకపోతే అర్జీ రాసి సూపరింటెండెంటు గారికిద్దాం. డబ్బున్నవాడికి వేరే ఆస్పత్రి ఉంది. మా ఊరివాళ్లకు ఉన్నది అదొక్కటే.