కావలివాడును దస్త్రములును

మన శంషాబాదు విమానాశ్రయమును చూడని విద్యార్థులు అరుదు. 2008వ సంవత్సరము మార్చి మాసమున అది తెఱువబడెను. అచ్చటి కావలివారు టిక్కెట్టును గుర్తింపు పత్రమును చూచిన పిదపనే ప్రయాణికుని లోనికి విడుతురు. కంప్యూటరులకును ఇట్టి కావలి గలదు. దానికి ఫైర్‌వాల్ అని పేరు. ఈ కావలివలన మాకు కలిగిన యొక చిక్కును, అది విడిన విధమును ఇందు వివరింప దలచితిమి.

ఒక కంప్యూటరునందలి దస్త్రములను వేఱొక కంప్యూటరు తన సొంతమువలె వాడుకొనుటకు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అనగా ఎన్.ఎఫ్.ఎస్., అను ఏర్పాటు గలదు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు దీనిని 1984లో నిర్మించిరి. దస్త్రము లుంచు యంత్రమును సర్వరందురు. ఆ దస్త్రములను మన యంత్రమునకు జతపఱచుటను మౌంటందురు.

గత సంవత్సరము ఒక యుదయమున, కరెంటు పోయి వచ్చిన పిమ్మట, కంప్యూటరు గదిలోని యంత్రము లేవియు సర్వరుతో జతపడవయ్యెను. పదవ తరగతి పిల్లల ప్రాజెక్టు పనులన్నియు అందే యున్నవి, మఱునాడే సమర్పింపవలెను. ఒక విద్యార్థి, "అయ్యా, ఫైర్‌వాలునే తీసివేయుదము" అనెను. మేము వలదంటిమి. ఏలయన, సాధారణపు ఏర్పాటులో ఎన్.ఎఫ్.ఎస్., అవతలి యంత్రము చెప్పుకొను వాడుకరి సంఖ్యను నమ్మును. కావలి తీసినచో పిల్లల పనులకు గల ముఖ్యమైన రక్షణ తొలగిపోవును.

పిమ్మట వరుసగా పరీక్షించితిమి. పింగ్ పంపగా సర్వరు బదులిచ్చెను. కావున తీగ తెగలేదు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వచ్చినచో సామాన్యముగా సేవ నడచుటలేదనియు, "యాక్సెస్ డినైడ్" అని వచ్చినచో సర్వరులోని అనుమతి పట్టికలో లోపమున్నదనియు ఊహింపవచ్చును. మాకు ఈ రెండును రాలేదు. యంత్రము చాలసేపు వేచి, గడువు తీఱినదని చెప్పెను. కావలి మాఱు పలుకక త్రోసివేయుచున్నదనుటకు ఇది యొక గుర్తు.

కారణమిది. మేము వాడుచుండిన ఎన్.ఎఫ్.ఎస్. మూడవ రూపమునకు ద్వారము లనేకములు. 111వ పోర్టు విచారణ కార్యాలయము వంటిది; మౌంటు సేవ ఏ పోర్టున నున్నదో అది చెప్పును. దస్త్రముల రాకపోకలు 2049వ పోర్టున జరుగును. మౌంటు సేవకు పోర్టు స్థిరపఱచనిచో, అది మొదలైన ప్రతిసారియు వేఱు సంఖ్యను పొందవచ్చును. మేము పూర్వపు సంఖ్యకే ద్వారము తెఱచియుంటిమి! ఆర్.పి.సి.ఇన్ఫో ఆజ్ఞ చూపిన పట్టికలో క్రొత్త సంఖ్య కనబడగానే మా పొరపాటు తెలిసినది.

చికిత్సలు రెండు. మౌంటు సేవకును, తాళపు సేవలకును స్థిరమైన పోర్టుల నిచ్చి వానినే తెఱచుట యొకటి. నాలుగవ రూపమును వాడుట రెండవది, దీనికి టి.సి.పి. 2049 ఒక్కటియే చాలును. మేము రెండవదాని నవలంబించి, ఆ ద్వారమును కంప్యూటరు గదిలోని యంత్రములకు మాత్రమే తెఱచితిమి. ఆ నియమమును శాశ్వతముగా వ్రాయవలెను. లేనిచో సర్వరు మఱల మొదలైనపుడు అది నిలువదు. ఇట్లు చేసిన పిదప షోమౌంట్ ఆజ్ఞ విఫలమైనను భయపడ పనిలేదు; అది పాత ద్వారముల నడుగునది.

మధ్యాహ్నమునకు పిల్లల పనులన్నియు క్షేమముగా దొరకెను. విద్యార్థులారా, చిక్కు వచ్చినపుడు కావలిని తొలగింప తొందరపడకుడు. ఏ ద్వారము మూసియున్నదో, దానిని ఎవరికొఱకు తెఱువవలెనో ముందు విచారింపుడు.