గ్యాస్ బుగ్గలో ఏముంది?

రంజాన్ నెలలో హైదరాబాద్‌లోని చార్మినార్, మదీనా చుట్టుపక్కల రాత్రి బజారుకు వెళ్ళే పిల్లల చూపు గ్యాస్ బుగ్గల మీదే ఉంటుంది. వాటిలో నింపేది రెండింటిలో ఒకటి: హైడ్రోజన్, లేదా హీలియం. రెండూ గాలికంటే తేలిక. పిల్లవాడి చేతిలో మాత్రం రెండూ ఒకటి కావు.

బుగ్గ ఎందుకు తేలుతుంది? తాను ఆక్రమించిన చోటులోని గాలికంటే తక్కువ తూగుతుంది కనుక. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1.22 కిలోలు. అంతే చోటులో హీలియం 170 గ్రాములు, హైడ్రోజన్ 85 గ్రాములు. హైడ్రోజన్ సగమే తూగుతుంది కాబట్టి రెట్టింపు బరువు ఎత్తుతుందని అనిపించవచ్చు. అది నిజం కాదు. గాలి బరువులోంచి గ్యాస్ బరువు తీసేయగా మిగిలిందే ఎత్తే బలం. ఆ లెక్కన హైడ్రోజన్ 1.14 కిలోలు ఎత్తితే, హీలియం 1.05 కిలోలు ఎత్తుతుంది. తేడా 8 శాతం దరిదాపుల్లోనే. కాబట్టి ఎంపికను నిర్ణయించేది బలం కాదు, ధర.

హీలియాన్ని మొదట పట్టించింది సూర్యకాంతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరుకు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపట దర్శినితో (కాంతిని రంగులుగా విడదీసే పరికరం) పరిశీలించాడు. ఆ ఏడాదే సూర్యకాంతిలో కనిపించిన ఒక పసుపు గీత ఏ తెలిసిన మూలకానిదీ కాదని ఇంగ్లండులో శాస్త్రవేత్త లాకియర్ తేల్చాడు. భూమి మీద ఆ మూలకాన్ని శాస్త్రవేత్త రామ్సే పట్టుకున్నది 1895లో.

హీలియాన్ని చౌకగా తయారుచేసుకునే దారి లేదు. భూగర్భంలో యురేనియం, థోరియం కోట్ల ఏళ్ళపాటు క్షయిస్తూ వదిలినదే సహజవాయువుతో కలిసి చిక్కుకుని ఉంటుంది. మన దేశం దాదాపు అంతా దిగుమతి చేసుకుంటుంది. ఆసుపత్రుల్లో ఎమ్మారై యంత్రాల అయస్కాంతాలను మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచేది ఈ హీలియమే. దారం తెగిన బుగ్గలోది మాత్రం గాలిలో కలిసి, చివరికి అంతరిక్షంలోకి జారిపోతుంది.

హైడ్రోజన్ అలా కాదు, ఎక్కడైనా తయారవుతుంది. నగరానికి అవతలి కొసన, ఈసీఐఎల్ వైపు, టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడ 50 నుంచి 85 మీటర్ల వ్యాసమున్న పల్చని పాలిథీన్ బెలూన్లను హైడ్రోజన్‌తోనే నింపి, పరికరాలను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. అయితే అక్కడ చుట్టూ ఖాళీ మైదానం, శిక్షణ పొందిన మనుషులు ఉంటారు.

వీధిలో అవేవీ ఉండవు. హైడ్రోజన్‌ను సొంతంగా తయారుచేసే చోట పాత సిలిండర్‌లో కాస్టిక్ సోడా, అల్యూమినియం తుక్కు వేసి నీళ్ళు పోస్తారు. గ్యాస్‌తోపాటు వేడి పుడుతుంది. ఆ వేడికి చర్య ఇంకా వేగమవుతుంది, దానితో ఇంకా వేడి పుడుతుంది. సిలిండర్‌కు పనిచేసే రక్షణ వాల్వు లేకపోతే పెరిగే ఒత్తిడికి దారి ఉండదు. తుప్పు పట్టిన ఉక్కు, అతుకు వేసిన అడుగు ముందుగా తెగుతాయి. అప్పుడు ఇనుప ముక్కలతోపాటు కాగే కాస్టిక్ ద్రవం ఎగిరిపడి, కళ్ళను, చర్మాన్ని కాల్చేస్తుంది. అందరికంటే దగ్గరగా ఉండేది పొట్టకూటికి బుగ్గలమ్మే మనిషి; ఆ పక్కనే పిల్లలు.

బుగ్గలోకి చేరాక కూడా ప్రమాదం పోదు. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. ఫంక్షన్‌హాల్లో గుత్తిగా కట్టిన బుగ్గల్లో ఒకదానికి కొవ్వొత్తి తగిలితే క్షణంలో అన్నీ మండుతాయి. ముఖం, చేతులు కాలుతాయి.

హీలియం మండదు. అలాగని దానితో ఆటలు వద్దు. గొంతు మారుతుందని పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది, స్పృహ తప్పవచ్చు. సిలిండర్ నుంచి నేరుగా పీలిస్తే ప్రాణమే పోవచ్చు.

నా ఉద్దేశంలో పిల్లలకు పుల్లకు కట్టిన, మామూలు గాలి నింపిన బుగ్గ చాలు. తోరణాలకు, గోడల అలంకరణకు తేలే గ్యాస్ అసలు అక్కర్లేదు. తేలి తీరాలనుకున్న చోట హీలియమే వాడాలి. ఖరీదైనదే అయినా ఆ ఖర్చు తప్పదు. పెళ్ళికో, పుట్టినరోజుకో మాట్లాడుకునేటప్పుడే ఏ గ్యాస్ అని అడిగి, సిలిండర్ ఏ కంపెనీ నుంచి వచ్చిందో బిల్లు చూడాలి. బజారులో సిలిండర్‌లోకి నీళ్ళు పోస్తున్నా, తుక్కు వేస్తున్నా, పక్కన కాస్టిక్ సోడా సంచి కనిపించినా అది హైడ్రోజనే. బేరం ఆపి పిల్లలను వెంటనే దూరంగా తీసుకుపోవాలి. అమ్మే మనిషికీ ఆ సిలిండర్‌ను గట్టిగా బిగించవద్దని, మీద వంగవద్దని, జనం లేని చోటికి జరగమని దూరం నుంచే చెప్పాలి.