కొండదారిపై కార్ల పందెము

కార్ల పందెములన్నియు నొక్క తీరువి కావు. కొన్నిటికై వాహనములను ప్రత్యేకముగా నిర్మింతురు. అవి వీధిలో నడచుటకు పనికిరావు. టూరింగు కార్ల పందెములట్లు కావు. అంగడిలో అమ్ముడుపోవు కార్లనే, లేదా వాని పోలికగల వానినే సిద్ధపరచి పరుగెత్తింతురు. తన యింటి ముంగిట నిలిచియుండు కారువంటిదే ముందు వచ్చినచో చూపరికి కలుగు సంతోషమింతింత కాదు. ఇంగ్లండులో వీని ఛాంపియన్‌షిప్ 1958లో మొదలయ్యెను. అయినను నాకు మిక్కిలి ప్రియమైనది ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ పందెము.

బాథర్స్ట్ పట్టణము సిడ్నీకి పడమట సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్నది. దానిచెంత మౌంట్ పనోరమా అను కొండ కలదు. ఆ కొండ నెక్కి దిగు దారి పొడవు 6.213 కిలోమీటర్లు; మలుపులు 23; ఎగుడుదిగుడుల భేదము 174 మీటర్లు. 1963లో ఇచ్చటికి వచ్చిన యీ పందెము 1973 నుండి వేయి కిలోమీటర్లదైనది. అనగా 161 చుట్లు! ఒక్కొక్క కారును ఇద్దరు చోదకులు వంతులవారీగా నడుపుదురు. తక్కిన దినములలో అది అందరును నడచు బాటయే. అప్పుడు గంటకు 60 కిలోమీటర్లు మించరాదు.

పూర్వము కెమెరాలు దారిప్రక్కనే యుండెడివి. 1979లో సెవెన్ టెలివిజన్ సంస్థవారు పీటర్ విలియమ్సన్ అను చోదకుని కారులోపలనే కెమెరా నమర్చిరి. అతడు కారు నడుపుచునే వ్యాఖ్యాతలతో మాటాడెను. చక్రము త్రిప్పు చేతుల శ్రమ యెట్టిదో ప్రజలు కన్నులార చూచిరి.

మరుసటి యేడు టెలివిజన్ చేసిన మేలు ఇంకను గొప్పది. డిక్ జాన్సన్ అను చోదకుడు తన ధనమంతయు వెచ్చించి ఫోర్డు కారును సిద్ధపరచుకొనెను. పందెమున ముందంజలో నుండగా, 17వ చుట్టులో, ఇరుకైన యెత్తుదారిలో ఒక పెద్దరాయి యడ్డమాయెను. రెండవ ప్రక్క చెడిన కారును తీయు బండి నిలిచియున్నది. తప్పించుకొను త్రోవ లేదు. కారు రాతిని ఢీకొని, గోడకు తగిలి నాశమయ్యెను. కంటనీరుతో అతడు పలికిన మాటలను దేశమెల్ల వినెను. వెంటనే ధనసహాయము చేసెదమని జనులు టెలిఫోనులు చేయసాగిరి. వారిచ్చినంత తామును ఇత్తుమని ఫోర్డు కంపెనీవారనిరి. 1981లో జాన్సన్, జాన్ ఫ్రెంచ్‌తో కూడి ఆ పందెమును గెలిచెను.

అన్ని ప్రమాదములును అట్లు ముగియలేదు. కొండదిగిన పిమ్మట దాదాపు రెండు కిలోమీటర్ల తిన్నని దారి కలదు. 1986లో మైక్ బర్గ్‌మన్ అను చోదకుడు అచ్చట వంతెన మొదట ఢీకొని మరణించెను. మరుసటి యేడే ఆ దారి చివర వేగమును తగ్గించు మలుపులను నిర్మించిరి. కారులోపల కూడ రక్షణ పెరిగినది. ఉక్కుగొట్టముల పంజరము పైకప్పు నలిగిపోకుండ కాచును. పలు పట్టీలు చోదకుని ఆసనమునకు బిగించును. దేహము కట్టబడియుండగా తల మాత్రము ముందునకు విసరబడినచో మెడ విరుగును గదా! అందుచే శిరస్త్రాణమును భుజములపై నుండు పరికరమునకు వారులతో బంధింతురు. దానికి హాన్స్ అని పేరు.

ప్రసారకులపై నాకొక ఫిర్యాదు కలదు. కారు పల్టీకొట్టిన దృశ్యమును మరల మరల చూపి, చోదకుడెట్లు బ్రదికెనో చెప్పకుండుట సరికాదు. పంజరము, పట్టీలు ఏమి చేసినవో వివరించినచో చూపరులకు జ్ఞానము కల్గును. ఇంకొకటి: 2015లో వచ్చిన యేర్పాటుచే ఆస్ట్రేలియాలో పెక్కు పందెముల ప్రత్యక్షప్రసారము రుసుము చెల్లించినవారికే పరిమితమాయెను. బాథర్స్ట్ మాత్రము అందరికిని ఉచితముగా మిగిలినది. 1980లో సొమ్ము చెల్లించినవారే ఆ పందెమును చూచియున్నచో, జాన్సన్‌కు మరియొక కారు లభించియుండునా అని నాకు సందేహము.