ట్రైలరు తోలడమంటే మళ్లీ ఓనమాలే!

హోసూరు: పేరుకు ‘ఫిఫ్త్‌ వీల్‌’.. కానీ అది చక్రం కాదు. గ్రీజు పూసిన ఇనుప పళ్లెం. ట్రైలరు కిందుండే కింగ్‌పిన్‌ దాని గాడిలో దూరి ‘టక్‌’మంటే ముందు బండి, వెనక బండి ఒకటైనట్టే. ఏళ్ల తరబడి లారీ తోలిన హోసూరు, బాగలూరు డ్రైవరన్నలకైనా ట్రైలరు ఎక్కిన తొలిరోజు కొత్తే.

శబ్దం విని నమ్మేస్తే మోసమే. కిందికి వంగి, టార్చి వేసి, పళ్లేనికీ ట్రైలరుకీ నడుమ సందు లేదని చూసుకోవాలి. ట్రైలరు బ్రేకు బిగించి, మెల్లగా ముందుకు లాగి చూడాలి. ఊడి రాకుంటేనే ట్రైలరు కాళ్లు ఎత్తాలి.

అసలు పరీక్ష రివర్సులో. తోక కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. ‘అన్నా, ఎటు తిప్పేది?’ అని కిందున్నోణ్ని అడగనివాడు అరుదు. వంకర పోతే ముందుకొచ్చి మళ్లీ మొదలెట్టడమే, అందులో నామోషీ ఏం లేదు. మలుపుల్లో వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. పక్కన దూరే బైకు కుర్రాడికి ఆ సంగతి తెలీదు!

సేలం దారిలో తొప్పూరు కనుమ మరీ గడ్డు. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్‌ చేస్తే బరువంతా బ్రేకుల మీదే. డ్రమ్ములు కాగి పట్టు పోతుంది. తడి రోడ్డుపై ఒక్కసారిగా తొక్కినా ముప్పే.. వెనక బండి ముందుదాన్ని తోసి మడత పెట్టేస్తుంది. దిగుడు మొదలవక ముందే చిన్న గేరులో పడాలి. కిందికి చేరేదాకా దాన్ని కదపకూడదు.