దగదర్తి విమానంలో ఖాళీ సీటుకు డబ్బు ఎవరిస్తారు?

శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. మొన్నటి జిల్లాల విభజన దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ దీవి నుంచే 2008లో చంద్రయాన్-1, 2023లో చంద్రయాన్-3 చంద్రుడి దారి పట్టాయి. నెల్లూరు మనిషి మాత్రం విమానం ఎక్కాలంటే చెన్నైకో రేణిగుంటకో పోవాల్సిందే. నెల్లూరు నుంచి కావలి వైపు వెళ్తే తగిలే దగదర్తి దగ్గర విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత స్థలం మార్చాలన్న ఆలోచన వచ్చింది, మళ్లీ దగదర్తి పేరే ముందుకొచ్చింది.

ఈ ముచ్చట ఎప్పుడొచ్చినా భూసేకరణ గురించి, రన్‌వే పొడవు గురించి మాట్లాడుకుంటాం. అవి అవసరమే. కానీ ప్రయాణికుల విమానాల నూరేళ్ల చరిత్ర చూస్తే, చిన్న ఊళ్ల విమానాలు ఆగిపోయింది ఎక్కువగా రన్‌వే లేక కాదు, సీట్లు నిండక. సాయంత్రానికి అమ్ముడుపోని చేపను ఐసులో పెట్టి రేపు అమ్ముకోవచ్చు. విమానం లేచిపోయాక ఖాళీ సీటును దాచుకునే ఐసు లేదు. అందుకే ప్రతి కాలంలోనూ టికెట్ డబ్బు చాలనిచోట ఆ లోటును ఇంకెవరో పూడ్చారు.

మొదటి రోజు నుంచే ఇది కనిపిస్తుంది. 1914 జనవరి 1న అమెరికాలోని ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి టాంపాకు, నీటి మీద దిగే చిన్న విమానంలో టోనీ జానస్ ఒక్క ప్రయాణికుణ్ని తీసుకెళ్లాడు. నిర్ణీత వేళల ప్రకారం నడిచిన మొదటి విమాన సర్వీసుగా దాన్నే చెప్పుకుంటారు. ప్రయాణం 23 నిమిషాలు, మామూలు టికెట్ 5 డాలర్లు. తొలి సీటును వేలం వేస్తే 400 డాలర్లు పలికింది. అంత మోజు ఉన్నా ఊరి తరఫున సబ్సిడీ హామీ ఇస్తేనే సర్వీసు మొదలైంది. చలికాలపు పర్యాటకులు వెళ్లిపోయాక, నాలుగు నెలలకే ఆగిపోయింది.

మన దేశంలో ఆ లోటును మొదట పూడ్చింది ఉత్తరాలు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో బయలుదేరి, అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగారు. నడిపింది పుస్ మాత్ అనే ఒంటి ఇంజిన్ విమానం, సరుకు టపా సంచులు. అక్కణ్నుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని దత్తమండల పట్టణమైన బళ్లారి అలా టాటాల తొలి విమాన దారిలో మజిలీ అయింది. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వనంది. తూకాన్ని బట్టి టపా మోసిన కూలి మాత్రం ఇచ్చింది. తొలి ఏడాది మొత్తం మీద ఎక్కిన ప్రయాణికులు 155 మంది. అయినా కంపెనీ లాభంలోనే ఉంది. నడిపించింది టపా, మనుషులు కొసరు.

మనుషుల టికెట్లతోనే ఖర్చు రాబట్టగల విమానం 1935లో మొదటిసారి ఎగిరింది. అదే డి.సి.-3, రెండో ప్రపంచ యుద్ధంలో దాని సైనిక రూపానికి డకోటా అని పేరు. యుద్ధం అయ్యాక మిగిలిన డకోటాలు చవగ్గా దొరకడంతో మన దేశంలో విమాన కంపెనీలు పుట్టుకొచ్చాయి. అందులో ఒకటి హైదరాబాద్ సంస్థానంలో, బేగంపేట కేంద్రంగా పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్. పెద్ద వాటా నిజాం ప్రభుత్వానిది, మిగతాది టాటాలది. 1946లో విమానాలు మొదలై మద్రాసును, హైదరాబాద్‌ను, ఢిల్లీని కలిపాయి. ఇక్కడ లోటు పూడ్చే చెయ్యి సంస్థానానిది.

కంపెనీలు ఎక్కువ, ప్రయాణికులు తక్కువ కావడంతో చాలావరకు నష్టాల్లో పడ్డాయి. 1953లో పార్లమెంటు చట్టం చేసి, దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా 8 కంపెనీలను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసింది. బొంబాయి, ఢిల్లీ దారుల్లో వచ్చే రాబడితో చిన్న దారుల లోటు సర్దారు. చిన్న పట్టణాల కోసమే 1981లో వాయుదూత్ పెట్టారు. అది రాజమండ్రి వంటి ఊళ్లకు చిన్న డోర్నియర్ విమానాలు నడిపింది. నష్టాలు పేరుకుని 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. నెల్లూరుకు ఆ భాగ్యమూ దక్కలేదు.

1994లో పాత చట్టం రద్దయి, ప్రైవేటు కంపెనీలకు దారి పూర్తిగా తెరుచుకుంది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ చిన్న ఏ.టి.ఆర్. విమానాలతో, తక్కువ టికెట్‌తో చిన్న పట్టణాలకు దిగింది. చౌక టికెట్‌కు సీట్లు నిండాయి గానీ ఖర్చులు నిండలేదు. అయిదేళ్లు తిరక్కుండానే ఆ పేరు కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది.

ఇప్పుడు లోటు పూడ్చే పద్ధతి పేరు ఉడాన్. ఈ పథకంలో మొదటి విమానాలకు 2017 ఏప్రిల్ 27న ప్రధాని పచ్చజెండా ఊపారు. వాటిలో ఒకటి ట్రూజెట్ నడిపిన కడప–హైదరాబాద్ సర్వీసు. చిన్న ఊరి దారిని కంపెనీలు వేలంలో దక్కించుకుంటాయి. విమానంలో దాదాపు సగం సీట్లను ప్రభుత్వం పెట్టిన ధర దాటకుండా అమ్మాలి. గంట ప్రయాణానికి మొదట్లో ఆ ధర 2,500 రూపాయలు. అందువల్ల వచ్చే లోటును మూడేళ్లపాటు ఒక నిధి నుంచి ఇస్తారు. ఆ నిధికి డబ్బు పెద్ద నగరాల మధ్య ఎగిరే విమానాల మీద వేసే రుసుము నుంచి, కొంత రాష్ట్రాల వాటా నుంచి వస్తుంది. చెన్నై నుంచి ఢిల్లీకి పోయే ప్రయాణికుడు తెలియకుండానే కడప సీటుకు కొంత చెల్లిస్తున్నాడన్న మాట.

మూడేళ్లు గడిచాక అసలు పరీక్ష. కాగ్ 2023 నివేదిక ప్రకారం, కేటాయించిన 774 దారుల్లో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా నిలిచినవి, 2023 మార్చి నాటికి, 54. ట్రూజెట్ కూడా 2022లో ఆగిపోయింది.

ఈ లెక్క పట్టుకుని దగదర్తికి వద్దాం. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల దూరం. దుబాయికో ఢిల్లీకో పోయేవాడికి అక్కడ రోజంతా విమానాలే. హైదరాబాద్ పోయేవాడికి రాత్రి రైళ్లున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి వందేభారత్ కూడా నెల్లూరులో ఆగుతోంది. కాబట్టి విమానం పొద్దున పోయి, పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరే వీలు ఇస్తేనే జనం డబ్బు పెడతారు. మధ్యాహ్నం వచ్చి మధ్యాహ్నమే పోయే ఒక్క సర్వీసుతో ఆ వీలుండదు.

బలం కూడా లేకపోలేదు. ఒకవైపు కృష్ణపట్నం రేవు, మరోవైపు తీరం పొడవునా రొయ్యల హేచరీలు, చెరువులు. ఐసు కట్టిన రొయ్యలు కంటైనర్లలో ఓడెక్కుతాయి, వాటికి విమానం అక్కర్లేదు. వనామీ తల్లి రొయ్యలు మాత్రం విదేశాల నుంచి విమానంలోనే వచ్చి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ అయ్యాక హేచరీలకు చేరతాయి. ఆక్సిజన్ నింపిన సంచుల్లో రొయ్య పిల్ల దూర రాష్ట్రాలకు విమానాల్లో వెళ్తుంది. గంటలు లెక్కపెట్టే ఈ సరుకు 1932లో టపా చేసిన పనిలో కొంతయినా చేయగలదు. అయితే డెబ్భై సీట్ల ఏ.టి.ఆర్.లో సామాన్లు పట్టే చోటు కొంచెమే. సరుకు ప్రధానమనుకుంటే అంతకంటే పెద్ద విమానాలకు తగ్గట్టు రన్‌వేను, గిడ్డంగిని మొదటే గీయాలి.

కనుక దగదర్తి పనులు మొదలైనప్పుడు మన నాయకులను మూడు ప్రశ్నలు అడగాలి. సీట్లు నిండేదాకా లోటు ఎవరు భరిస్తారు, ఎన్నేళ్లు? పొద్దున ఒకటి, రాత్రి ఒకటి విమానం నడిపే కంపెనీ సంతకం పెట్టిందా? సరుకు కోసం ఏం కట్టబోతున్నారు? వీటికి కాగితం మీద జవాబు ఉంటే భూమి ఇచ్చిన రైతు త్యాగానికి ఫలితం ఉంటుంది. లేకపోతే రన్‌వే వచ్చినా నెల్లూరు జనం పెట్టె సర్దుకుని చెన్నై దారే పడతారు.