టియారా కథ

పాశ్చాత్యదేశపు రాణుల చిత్రపటములలో, నొసటికి పైగా, అర్ధచంద్రాకారమున రవ్వలతో మెఱయు శిరోభూషణమును మీరు చూచియేయుందురు. దానికి టియారా యని పేరు. ఆ పేరు పూర్వము పారసీక రాజులు ధరించిన యెత్తైన శిరోవేష్టనమునకు చెందినది. రూపమున కది గ్రీకుల డయడెమునకు వారసురాలు. డయడెమనగా చుట్టి కట్టునది. అది మొదట తలచుట్టును త్రిప్పి వెనుక ముడివేసిన వట్టి గుడ్డపట్టీయే. పారసీకమును జయించిన అలెగ్జాండరు దానిని రాజచిహ్నముగా ధరించెను.

మన భాషయు నిట్లే చెప్పుచున్నది గదా! రాజునకు పట్టము కట్టుదుమందుము గాని పెట్టుదుమనము. క్రీ.శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో పట్టలక్షణములను వివరించెను. రాజు పట్టమునకు 5 శిఖలు, పట్టపురాణికిని యువరాజునకును 3, సేనాపతికి 1. పట్టము కట్టించుకొన్నవారిపై నొక బాధ్యత నిలుచును. పెండ్లిలో బాసికము కట్టుటయందలి భావమును నిదియే యని నాకు తోచును.

1804లో చక్రవర్తియైన నెపోలియను కొలువులో గ్రీకు రోమను వేషములపై మక్కువ హెచ్చి, టియారా స్త్రీల సొమ్ముగా మరల వాడుకకు వచ్చెను. ఆంగ్లేయుల ఆచారమున కన్యలు దీనిని ధరింపరు. పెండ్లినాడు తొలిసారి ధరింతురు. కావున నది గృహిణీత్వమునకు గుర్తు.

1893లో మేరీ రాకుమార్తె వివాహమునకై బ్రిటను, ఐర్లండుల బాలికలు చందాలు వేసికొని యొక టియారా కొనిరి. పెండ్లికి కొలదిదినముల ముందే విక్టోరియా యను యుద్ధనౌక మునిగి 358 మంది మరణించిరి. మిగిలిన చందా సొమ్మును ఆ నావికుల వితంతువులకును బిడ్డలకును వినియోగింపుడని పెండ్లికూతురు కోరెను. నగ సంగతి యటుండనిండు. ఆ కోరికయే నాకు మిక్కిలి నచ్చినది.

ఆ టియారానే 1947లో ఆమె తన మనుమరాలు ఎలిజబెత్తు పెండ్లికి కానుకగా నిచ్చెను. మన హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను గారును ఆ వధువునకు, ఆమెయే యెన్నుకొనిన వజ్రాల టియారాను హారముతో గూడ బహూకరించిరి. ఆ నిజాము టియారాను ఎలిజబెత్తు రాణి 1973లో విప్పించి, దాని వజ్రములతో వేఱొకటి చేయించుకొనెను. అందలి గులాబీలు మాత్రము పతకములుగా నిలిచినవి. బాలికల కానుకయో, ఆమె 2022లో దివంగతురాలగు వఱకును ఆమె తలపై వెలసి, నాణెములమీదికి సయితము ఎక్కినది.

మన కుమార్తెలకు నగలు చేయించునపుడు తూకముతో పాటు ఈ కథను గూడ చెప్పుదము.